గుండీ కుట్టని చొక్కా

"ఆపావా, అమ్మాయ్?" అంటుంది లూడీ అత్త. "ఆపేశానండీ" అంటాను నేను, ఇరవయ్యారేళ్ళ గొంతుతో. టక్కుమంటుంది. అంతే. ఆ వెంటనే మళ్ళీ ఆవిడ మొగుడు ఓథెల్ మామ గిటారు, ఆయన దగ్గు, ఆయన బూటు మడమ నేలకేసి తాళం వేస్తున్న చప్పుడు. వెనక్కి తిప్పుతాను. మళ్ళీ "ఆపావా, అమ్మాయ్?" మళ్ళీ "ఆపేశానండీ." ఎంత వినయం. ఎంత చక్కగా పెంచింది నన్ను మా అమ్మ. ఆలివ్ గ్రోవ్ చర్చి ముందు, పెకాన్ చెట్టు నీడ సగం పడి సగం పడని చోట కారు ఆపుకుని, హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పన్నెండు నుంచీ ఇదే పని. ఒంటిగంటకి లూడీ అత్త అంత్యక్రియలు. ఆవిడ పెట్టె లోపలే ఉంది, మూత తీసి, తెల్లబట్టల్లో. చూడటానికి వెళ్ళాలి. వెళ్తే ముందు బల్ల మీద వెర్లీన్ ఉంటుంది. ఆవిడ కూతురు. తల తిప్పి నా వంక చూస్తుంది, దొరికిందా అన్నట్టు. అందుకే వెళ్ళలేదు. ఇంకా ఒక రీలు మిగిలుంది, అది కూడా విన్నాక వెళ్తాను అని నాకు నేనే చెప్పుకుంటున్నాను, ఆ రీల్లో ఏముందో తెలియనట్టు.

మంగళవారం ఫోను చేసింది వెర్లీన్. "జొనెట్టా, అమ్మ గొంతు నీ దగ్గరుందిగా?" అంది. తల్లి పోయి ఒక్క రోజే అయింది, గొంతు బొంగురుగా ఉంది. "ఉండకేం, మీ ఇంట్లో నలభై గంటల టేపు చేశాను" అన్నాను, ఏదో ఘనకార్యంలా. "నాన్న గోల కాదే. నాన్నది ఊరంతా విన్నాం. అమ్మది. తెల్ల చొక్కా పాటలో నాలుగో చరణం. నాన్న మూడే పాడేవాడు కదా, నాలుగోది అమ్మ కట్టింది. ముప్పై ఏళ్ళు అమ్మతో నాకు అదే పోట్లాట. ప్రతి శనివారం ఆయన ఎవత్తె దగ్గరికో పోతుంటే, నువ్వే చొక్కా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి పంపిస్తావేమే, సిగ్గులేదా నీకు అని అడిగేదాన్ని. ఎందుకున్నావే ఈ మనిషితో అని. ఒక్కటే మాట అనేది. చెప్పాల్సింది పాటలో చెప్పేశాను, జొనెట్టాకి అప్పజెప్పాను, నేను పోయాక దాన్నడిగి విను, నేను బతికుండగా మాత్రం వద్దు, చర్చి వాళ్ళ ముందు తలెత్తుకోవాలి కదా అనేది. ఇప్పుడు పోయింది. మరి వినిపించు." నేను సరే అన్నాను. చూస్తాను అనలేదు, సరే అన్నాను. ఫోను పెట్టేసి విశ్వవిద్యాలయానికి వెళ్ళి, ఆ రీళ్ళకి క్యాసెట్ నకళ్ళు తెచ్చుకున్నాను.

అప్పజెప్పాను అందట. నిజమే, అప్పజెప్పింది. నాకే, నా ఎదురుగా నిలబడి, వంటింట్లో, డెబ్బై తొమ్మిది అక్టోబరులో, పత్తి తీతలు అయిపోయాక. మిషన్ ఆపమంది. నేను ఆపాను. అందులో తప్పేం లేదు. ఆవిడ అప్పటికే మదర్స్ బోర్డులో, అంటే చర్చి పెద్దమ్మల సంఘంలో ఉంది, తెల్ల టోపీ, తెల్ల చేతితొడుగులు, ఆదివారం ఎడమవైపు మొదటి బల్ల. అలాంటి మనిషి నోట శనివారం రాత్రి సారా కొట్లలో పాడే బ్లూస్ పాట రావడమే నేరం, ఇక అది టేపు మీదికెక్కితే చెప్పేదేముంది. మా అమ్మ కూడా అంతే కదా, రేడియోలో గిటారు కొంచెం వంకరగా మూలిగితే చాలు, లేచి వెళ్ళి కట్టేసేది, దెయ్యం గుమ్మంలోకి వచ్చినట్టు. పాటలు పోగుచేసుకోవడానికి బయటినుంచి వచ్చిన తెల్లవాడెవడైనా అయితే లూడీ అత్తని బతిమాలేవాడు, ఒక్కసారమ్మా, ఎవరికీ చెప్పనమ్మా అని. లేదా ఆపినట్టు నటించి బల్ల కింద తిరగనిచ్చేవాడు. అలాంటివాళ్ళు లేరా, బోలెడంతమంది. వాళ్ళని సభల్లో ఎన్నిసార్లు దులిపేశానో. మనవాళ్ళ మర్యాద తెలియని దొంగలు అన్నాను, చప్పట్లు కొట్టారు. ఇవాళ ఆ దొంగల్లో ఒకడు నా బదులు ఆ వంటింట్లో ఉండి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తోంది. సిగ్గుగా ఉంది, కానీ అనిపిస్తోంది.

కిటికీ మీద ఎవరో తట్టారు. చర్చి పెద్ద, డీకన్ లోంజెల్, నల్ల సూటు, మెడకింద చెమట. హెడ్‌ఫోను ఒక చెవి తీశాను.

"ఏం ప్రొఫెసరమ్మా, దేవుడి పాటలు నీ చెవికి ఆనవా? కారులో కూర్చుని ఓథెల్ గాడి తాగుబోతు పాటలు వింటున్నావా ఇవాళ కూడా?"

"వస్తున్నా బాబాయ్, రెండు నిమిషాలు."

"రెండు నిమిషాలా! నీ రెండు నిమిషాలు మాకు తెలియవూ? మా ఇంట్లో రెండు నిమిషాలని చెప్పి మూడు రోజులు కూర్చున్నావు, మా అన్న చచ్చేదాకా నీ మాటే చెప్పేవాడు. లోపల చల్లగా ఉంది, రా. మాడిపోతావు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు, చేతిలో విసనకర్ర ఊపుకుంటూ. మాడిపోతేనేం. లూడీ అత్త ఇంట్లో అప్పట్లో ఇంతకంటే వేడి. కిటికీలు మూసేయించేదాన్ని, రోడ్డు మీద లారీలు వినబడకుండా. ఫ్రిజ్జు తీగ పీకేసేదాన్ని, అది గురక పెడుతుందని. ఒకసారి మళ్ళీ పెట్టడం మర్చిపోయి వెళ్ళిపోయాను. మర్నాడు వచ్చేసరికి వెన్న నీళ్ళయిపోయి, పంది కూర వాసనొచ్చి, లూడీ అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "రా తల్లీ రా. నా గడియారం ఆపావు, ఫ్రిజ్జు ఆపావు, పెనం మీద చేపలు చిటచిటలాడుతున్నాయని పొయ్యి ఆపించావు. నన్నొక్కదాన్నే మిగిల్చావేం? నన్నూ ఆపెయ్యి." ఇల్లంతా నవ్వారు. ఓథెల్ మామ ముందుకి పడిపోయేలా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆపెయ్యి అని ఆవిడ అన్నది గుర్తుంది, ఆ తర్వాత నేను నిజంగానే "అత్తా, కాస్త అవతల గదిలో ఉంటారా, మీ అడుగులు వినబడుతున్నాయి" అన్నది కూడా గుర్తుంది. ఆవిడ చెప్పులు విప్పేసి, ఒట్టి కాళ్ళతో, తన ఇంట్లో తను దొంగలా నడిచింది. ఆ నలభై గంటల్లో ఆవిడ అడుగుల చప్పుడు కూడా లేదు. శుభ్రంగా ఉంది రికార్డింగు, బహుమతిచ్చారు దానికి.

ఇది పదోసారి, మిగిలిన రీల్లోదానితో పదకొండు. లెక్కపెట్టాను ఈ మూడు రోజుల్లో, చిన్న కాగితం మీద గీతలు పెట్టుకుంటూ. నలభై గంటల మొత్తంలో లూడీ అత్త గొంతు స్పష్టంగా వినబడేది పదకొండు చోట్ల, పదకొండు చోట్లా ఒకే మాట. ఆపావా, అమ్మాయ్. ఒక చోట కొంచెం నవ్వుతూ, ఒక చోట నోట్లో పిన్నులు పెట్టుకుని. ఒక్కోచోట నేను ఆవిడ అడగకముందే ఆపేశాను, అప్పుడైతే ఆ మాత్రం కూడా లేదు. గుమ్మంలోకి ఆవిడ నీడ పడగానే నా వేలు మీట మీదికి పోయేది, అంత బుద్ధిమంతురాలిని. ఎక్కడైనా ఒక్కచోట మర్చిపోయి ఉండకపోతానా అని ఆశ. ఒక్కచోట, వేలు సరిగా నొక్కక, చక్రం తిరుగుతూనే ఉండిపోయి. మూడ్రోజులూ నిద్ర మానుకుని ఆ ఆశతోనే విన్నాను, ముప్పై తొమ్మిది గంటలు పైచిలుకు. లేదు. నేను పనిలో తప్పులు చెయ్యను. అందరూ చెబుతారు.

అసలు ఆ రోజు. అది నాకు గుర్తుంది, అదే కదా బాధ. ఓథెల్ మామ పెరట్లోకి వెళ్ళాడు, అక్కడ పొద మాటున ఆయన సీసా ఉండేది, అందరికీ తెలిసి ఎవరికీ తెలియనట్టుండే సీసా. వెర్లీన్ కుట్టుమిల్లులో పనికి వెళ్ళింది. ఇంట్లో మేమిద్దరమే. లూడీ అత్త ఇస్త్రీ చేస్తోంది, శుక్రవారం. తెల్ల చొక్కా. ఓథెల్ మామ అప్పుడే ఆ పాట పాడాడు, మూడు చరణాలూ, నేను రెండుసార్లు పాడించాను. తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యవే, శనివారం వచ్చేసింది. మళ్ళీ అదే, తెల్ల చొక్కా ఇస్త్రీ చెయ్యవే, శనివారం వచ్చేసింది. ఆదివారం పొద్దుటికల్లా ఎవరి గడపలో తేలతానో. మా బ్లూస్ పద్ధతే అది. మొదటి పాదం పాడతారు, అదే రెండోసారి పాడతారు, వినేవాడికి మనసులో పడనిచ్చి, వాడు ఆత్రంగా చూస్తుంటే మూడో పాదంలో జవాబు చెబుతారు. అడగడం రెండుసార్లు, జవాబు ఒక్కసారి. ఇది నేను ఇరవై రెండేళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను, బల్ల మీద చప్పుడు చేసి మరీ. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, "ఆయన సగమే పాడాడు. దానికి నేను చెప్పింది ఉంది. ఆపావా, అమ్మాయ్?" అంది. "ఆపేశానండీ."

అక్కడ కూర్చుని వినాలి కదా. మనిషి అన్నవాడెవడైనా వింటాడు కదా. నేను డబ్బా తీసుకుని దాని మీద రాయడం మొదలెట్టాను. ఎందుకంటే మా మాస్టారు చెప్పారు, రీలు తీసిన నిమిషంలో పేరు రాయకపోతే అది పోయినట్టే లెక్క అని. ఎందుకంటే ఆ రోజుల్లో రీలుకి పదిహేను నిమిషాలే వచ్చేవి, ఆగిన సమయమంతా రాతపనికే వాడేదాన్ని. కాదు, అదొక్కటే కాదు. నిజం చెప్పుకోవడానికి ఇంకెవరున్నారు కారులో. పెద్దముత్తైదువలాంటి చర్చి అమ్మ చెయ్యకూడని పని చేస్తుంటే మనం చూడకూడదు. చూడనట్టుండాలి, చేతులకి ఏదో పని కల్పించుకోవాలి, చెవిన పడినా పడనట్టుండాలి. డీకన్ సారా దుకాణంలోంచి బయటికొస్తుంటే రోడ్డుకి అటువైపు తల తిప్పుకుంటాం చూడు, అలా. ఇక్కడ పుట్టిన ఏ ఆడపిల్లయినా అదే చేస్తుంది. నేనది ఆలోచించి కూడా చెయ్యలేదు, తల దానంతటదే వంగింది. ఓథెల్ పెగీస్ అని రాశాను. గిటారు, స్పానిష్ శ్రుతి అని రాశాను. తేదీ రాశాను. ఆవిడ పాడుతోంది. సన్నని గొంతు కాదు, అలాగని బరువైనదీ కాదు, ఇస్త్రీబల్ల మీద అరచేత్తో తాళం. మొదటి పాదం వినబడింది. అదే రెండోసారి వచ్చింది కాబట్టి మనసులో పడింది. చొక్కా ఇస్త్రీ చేశా, గుండీ ఒకటి కుట్టకుండా వదిలేశా. చొక్కా ఇస్త్రీ చేశా, గుండీ ఒకటి కుట్టకుండా వదిలేశా. ఆ తర్వాత.

ఆ తర్వాత నా కలం ఆగింది, సిరా అయిపోయి. విదిలించాను. అది బాగా గుర్తుంది, నీలి చుక్క ఒకటి డబ్బా మూల పడింది, ఆ చుక్క ఇప్పటికీ ఉంది, విశ్వవిద్యాలయంలో చల్లని గదిలో. తలెత్తేసరికి పాట అయిపోయింది. ఆవిడ నా వంకే చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో. బాగుందా అని అడగలేదు. "అదీ సంగతి" అంది. నేను నవ్వాను, బాగుందండీ అన్నాను. మిషన్ ఆపమంది గానీ చెవులు మూసుకోమనలేదు ఆవిడ. ఇస్త్రీబల్ల దగ్గర నిలబడి నాకోసం పాడింది, నా ఒక్కదానికోసం, ఊళ్ళో ఎవరికీ చెప్పనిది, కన్నకూతురికి చెప్పనిది. నా చెవులు మిషన్ మీద ఎర్రలైటు వెలిగితేనే తెరుచుకునేవి. లైటు లేకపోతే నాకు ఎవరూ పాడనట్టే.

తెల్లబట్టల అమ్మలు వరసగా మెట్లెక్కుతున్నారు. ఏడుగురు. ఎనిమిదో ఆవిడ లోపల ఉంది. ఒకావిడ మోకాలు పట్టుకుని ఆగింది, ఇంకో ఆవిడ ఆమె చేతిసంచీ అందుకుంది. వెనక వంటశాలలోంచి కోడి వేపుడు వాసన, ఆకుకూర ఉడుకుతున్న వాసన. లూడీ అత్త చేసే నిమ్మకాయ కేకు ఇవాళ ఎవరో చేసి ఉంటారు, అలా రాదు. నేను ఏటా వెళ్ళేదాన్ని, క్రిస్మస్ ముందు. ఎంత దూరమని, నలభై మైళ్ళు. ఇరవై తొమ్మిదిసార్లు ఆ వంటింట్లో కూర్చున్నాను ఆ రోజు తర్వాత. ఒక్కసారి అడిగితే ఏం పోయేది? అత్తా, ఆ చరణం మళ్ళీ చెప్పండి, నేను వినలేదు అంటే ఏం పోయేది? మొదట్లో మొహమాటం. తర్వాత ఓథెల్ మామ పేరు మోగింది, నా పేరూ మోగింది, ఆయన పోయాక స్మారక సభలు, పుస్తకం, ఇంకో పుస్తకం. ఆ చరణం సంగతే మర్చిపోయాను, ఏడాదికోసారి గుర్తొచ్చినా ఈసారి అడుగుదాంలే అనుకుని కేకు తిని వచ్చేసేదాన్ని. పోయిన ఏడాది ముందు ఏడు, ఆవిడకి ఎనభై తొమ్మిది, నా మణికట్టు పట్టుకుని అడిగింది, "నేనిచ్చింది భద్రంగా ఉందా, అమ్మాయ్?" నేను టేపుల గురించనుకున్నాను. "మీకెందుకండీ భయం, చల్లని గదిలో తాళం వేసి పెట్టారు, అగ్గి తగిలినా ఏం కాదు" అన్నాను. ఆవిడ నిశ్చింతగా కళ్ళు మూసుకుంది. ఆ మొహం తల్చుకుంటే తల కొట్టేసినట్టుంది ఇప్పుడు.

ఆఖరి రీలు. అక్టోబరు, డెబ్బై తొమ్మిది, నీలి చుక్క డబ్బాలోది. ఓథెల్ మామ మూడో చరణం ముగించాడు. కుర్చీ కిర్రుమంది. తలుపు. పెరట్లో కుక్క. "ఆపావా, అమ్మాయ్?" "ఆపేశానండీ." టక్. అయిపోయింది. అయిపోతుందని తెలుసు. అయినా చెవులు రిక్కించి కూర్చున్నాను, ఆ టక్కు తర్వాత ఇంకా ఏదో ఉంటుందన్నట్టు.

గడియారం పన్నెండు నలభై. ఆ మూడో పాదం నేనే కట్టొచ్చు. ఇందాకట్నుంచీ ఆ ఆలోచన పక్క సీట్లో కూర్చునే ఉంది, నేనే చూడనట్టున్నాను. ఈ పాటలు నాకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారు? గుండీ ఒకటి కుట్టకుండా వదిలేశా, దానికోసమైనా తిరిగి ఇంటికొస్తావని. చక్కగా అతికింది. వెర్లీన్ ఏడుస్తుంది, అమ్మ ఆయన్ని అంత ప్రేమించిందా అనుకుంటుంది, ముప్పై ఏళ్ళ పోట్లాట తీరిపోతుంది. లేదూ, గుండీ ఒకటి కుట్టకుండా వదిలేశా, అది కుట్టే మొనగత్తె ఎవత్తో చూద్దామని. అదీ అతికింది. లూడీ అత్త నోటికి ఇదే ఎక్కువ అతుకుతుంది. ప్రేమా, కసా? రెండూ నోట్లోనే ఉన్నాయి, ఏదంటే అది నమ్ముతుంది వెర్లీన్, ఎందుకంటే జొనెట్టా పనిలో తప్పులు చెయ్యదు. రెండిట్లో నాకు నచ్చింది ఎంచుకుని ఒకావిడ పెళ్ళి జీవితాన్నంతా నేను తేల్చేయొచ్చు. ఇంకో ముప్పై ఏళ్ళకి నాలాంటిదే ఒకతె వచ్చి, దాన్ని వెర్లీన్ నోట విని, డబ్బా మీద పేరు రాసుకుంటుంది.

తలుపు తెరుచుకుంది. పక్క సీట్లో వెర్లీన్ కూర్చుంది. నల్ల గౌను, చేతిలో నలిగిన రుమాలు, టోపీ ఒడిలో పెట్టుకుంది. అరవై దాటాయి దానికి కూడా, తల్లి గడ్డమే. చర్చిలో ఆర్గను మొదలైంది, నెమ్మదిగా.

"లోపలికి రావని తెలుసు నాకు" అంది. "దొరికితే పరిగెత్తుకొచ్చేదానివి."

నేను హెడ్‌ఫోన్లు తీసి దాని చెవులకి పెట్టాను. వెనక్కి తిప్పి మీట నొక్కాను. దాని మొహం చూస్తూ కూర్చున్నాను. ఆపావా, అమ్మాయ్ దగ్గరికి వచ్చేసరికి దాని పెదవులు విచ్చుకున్నాయి, నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చేసింది. "ఇదిగో, ఇదే, అచ్చం ఇలాగే" అంది పెద్దగా, చెవులు మూసుకుపోయిన మనుషులు అరిచినట్టు. తర్వాత టక్కుమని ఉంటుంది. ఆగింది. ఎదురు చూసింది. ఆ టక్కు తర్వాత ఇంకేం లేదు కదా, దాని నుదురు ముడిపడింది. హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చింది.

"మిషన్ ఆపేశావన్నమాట."

"ఆపేశాను."

"పోనీలే. అమ్మ అడిగితే ఆపకేం చేస్తావు, నేనైనా ఆపేదాన్ని." నా చెయ్యి మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది. "నువ్వు అక్కడే ఉన్నావుగా. విన్నావుగా. టేపెందుకే మనకి? నువ్వు పాడు. నీ గొంతు గార్దభమే అయినా పర్వాలేదు, మాటలు వింటాను."

నేను ఎప్పుడూ పాడలేదు. వేల పాటలు పట్టుకున్నాను, ఒక్కటీ పాడలేదు. స్టీరింగు మీద అరచేత్తో తాళం వేశాను, లూడీ అత్త ఇస్త్రీబల్ల మీద వేసినట్టు. చొక్కా ఇస్త్రీ చేశా, గుండీ ఒకటి కుట్టకుండా వదిలేశా. వెర్లీన్ కళ్ళు మూసుకుంది. చొక్కా ఇస్త్రీ చేశా, గుండీ ఒకటి కుట్టకుండా వదిలేశా. దాని తల ఊగుతోంది, పెదవులు కదులుతున్నాయి, మూడో పాదానికి ఊపిరి పట్టుకుని సిద్ధంగా ఉంది, పుట్టినప్పట్నుంచీ ఈ పాటల్లో పెరిగిన మనిషి. నా అరచెయ్యి ఇంకా తాళం వేస్తూనే ఉంది. ఒక ఆవర్తనం అయింది. ఇంకొకటి. తిరిగి ఇంటికొస్తావని. చూద్దామని. రెండూ నాలుక చివరిదాకా వచ్చి నిలబడ్డాయి.

వెర్లీన్ కళ్ళు తెరిచింది. "ఊఁ, మూడోది?"

చెయ్యి ఆగిపోయింది.

"వినలేదు వెర్లీన్" అన్నాను. "ఆ టైములో నేను డబ్బా మీద మీ నాన్న పేరు రాసుకుంటున్నాను."